అరవై గ్రాముల గాలపుకర్ర

అమలాపురం నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు:

"అయ్యా! మా పెద్దవాడు జపానులో ఉద్యోగం చేస్తున్నాడు. సంక్రాంతికి వస్తూ నాకొక గాలపుకర్ర తెస్తానంటున్నాడు. అల్ట్రాలైట్ అని అక్కడ మహా తేలికపాటి కర్రలు దొరుకుతాయట. ఖరీదులు వింటే గుండె ఝల్లుమంది. తెమ్మని చెప్పమంటారా, వద్దని చెప్పమంటారా? తెమ్మనేట్లయితే ఎలాంటిది తెమ్మనాలి? మీరు జపాను వెళ్లివచ్చిన సంగతి ఈ శీర్షికలోనే రాశారు గనుక, శ్రమ అనుకోక జవాబు చెప్పగోరుతాను."

ఈ ఉత్తరం పైకి చదువుతూంటే మా ఆవిడ కాఫీగ్లాసు బల్లమీద పెట్టి, "ఆ విరగ్గొట్టుకొచ్చిన సంగతి కూడా రాయండి మరి!" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రాస్తాను. అది రాయకపోతే ఈ జవాబుకు అర్థమే లేదు. నాకు తెలిసిన నాలుగు ముక్కల్లో మూడు, విరగ్గొట్టుకున్న తర్వాత తెలిసినవే.

ముందుగా నా అర్హతలు మనవి చేసుకుంటాను. మాది ధవళేశ్వరం దగ్గర కాలువగట్టు పల్లె. బడి ఎగ్గొట్టిన మధ్యాహ్నాలన్నీ ఆ గట్టుమీదే గడిచాయి. ఇంటి వెనక పొదలోంచి నరికిన వెదురుగెడ, కొసకు రెండు బారల దారం, జొన్నబెండు, సీసపు గుండు, గాలానికి వానపాము. ఇదీ మా సరంజామా. కర్ర బరువెంత అని ఏనాడూ ఎవరూ అడగలేదు. చెయ్యి నొప్పెడితే గెడను గట్టులో గుచ్చి, పక్కన కూర్చుని బెండు వంక చూసేవాళ్లం. చేప పడితే ఒక్క ఊపులో ఎత్తి వెనక్కి విసిరేవాళ్లం. అది ఒక్కొక్కసారి వెళ్లి అవతలివారి అరటితోటలో పడేది. ఈ ఎత్తి విసరడం అన్న మాట కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత దీనితో పని ఉంది.

ఉద్యోగ విరమణ అయ్యాక, క్రిందటేడు వేసంగిలో మా అమ్మాయి రమ్మంటే ఇద్దరం యోకొహామా వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చాం. మా అల్లుడు మితభాషి. మామగారితో ఏం మాట్లాడాలో తెలియక పాపం రెండు వారాలపాటు నాతో వానలగురించే మాట్లాడాడు. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర నేను కాలువగట్టు కబుర్లు ఎత్తేసరికి అతని మొహం చాటంత అయింది. "మీకు గాలం అలవాటుందా మామయ్యగారూ! ఇన్నాళ్లూ చెప్పారు కారేం? పదండి, రేపు దుకాణానికి వెళదాం," అన్నాడు.

దుకాణం మన ఊళ్లో పెద్ద బట్టలకొట్టంత ఉంది. గోడల పొడుగునా కర్రలు. అల్లుడి వెనకాల బింకంగా నిలబడి, "ఉన్నవాటిలోకల్లా గట్టిది చూపించమను," అన్నాను.

అతను ఆ మాట జపానీ భాషలో చెప్పాడు. కొట్టు కుర్రవాడు వినయంగా తల వంచి మూడు ప్రశ్నలు వేశాడు. ఏ చేప? ఎక్కడ నిలబడి పడతారు, పడవలోనా, రేవుగట్టు మీదా, ఏటి ఒడ్డునా? ఎర ఎన్ని గ్రాములు?

ఎర ఎన్ని గ్రాములు అన్న ప్రశ్న నన్ను జన్మలో ఎవరూ అడగలేదు. వానపామును ఎవరు తూచారు గనక?

నేను నీళ్లు నమలడం చూసి, అతనే ఒక కర్ర తీసి నా చేతిలో పెట్టాడు. ఆరడుగుల నాలుగంగుళాల పొడుగు. పెట్టాడని కళ్లు చెప్పాయి గాని చెయ్యి చెప్పలేదు. బరువు అరవై గ్రాములట. అంటే ఒక కోడిగుడ్డు. కొస చూద్దును గదా, చీపురుపుల్ల దానికంటే లావు.

"ఇది విరిగిపోదుటయ్యా?" అన్నాను.

కుర్రవాడు నవ్వి ఏదో చెప్పాడు. అల్లుడు తర్జుమా చేశాడు: "సరిగ్గా వాడితే విరగదుట. సరిగ్గా వాడకపోతే, ఖరీదైన కొద్దీ తొందరగా విరుగుతుందిట."

ఈ రెండో ముక్క నేను ఆ రోజు పట్టించుకోలేదు. మా అమ్మాయి ఆ కర్రను తన జీతంలోంచి కొని, "ఇది నా తరఫున నాన్నా," అంది. అదీ చెప్పాలి.

ఆ శనివారం రాత్రి మియురా ద్వీపకల్పంలో ఒక చిన్న రేవుకు వెళ్లాం. యోకొహామాకు దక్షిణంగా సముద్రంలోకి పొడుచుకువచ్చిన నేల అది. జపానులో అన్ని రేవుల్లోనూ గాలం వేయనివ్వరు. కంచె కట్టి బోర్డు పెట్టినచోట వేయకూడదు. మావాడు వేయనిచ్చే చోటు కనుక్కునే తీసుకువెళ్లాడు. గట్టుమీద దీపస్తంభం ఉంది. దాని వెలుగు నీళ్లమీద పడినంతమేరా కంటికి ఆనీ ఆనని జీవాలు మూగుతాయి. వాటికోసం "అజి" అనే చేపలు వస్తాయి. అజి అంటే మన పార చేప కుటుంబంలోదే, జానెడు పొడుగు. దాన్ని బూటకపు ఎరతో పట్టే ఆటకు "అజింగ్" అని పేరు. అజికి ఇంగ్లీషు తోక తగిలించారన్నమాట. ఎర ఏమిటంటే, గ్రాము బరువున్న లోహపు గుండు, దానికి తొడిగిన రెండంగుళాల రబ్బరు పురుగు. గ్రాము అంటే మన ఆడవాళ్ల ముక్కుపుడకంత. ముక్కుపుడకను యాభై అడుగుల దూరం విసరాలి! మా వెదురుగెడతో విసిరితే అది గెడ కొసనే వేలాడుతుంది.

ఆ తేలికలో ఉన్న కిటుకు నాకు అక్కడ బోధపడింది. ఎర బరువు కర్రను వంచుతుంది. వంగిన కర్ర తిరిగి నిటారవుతూ ఎరను విసురుతుంది. విల్లూ బాణమూ లెక్క. గ్రాము బరువుకు వంగాలంటే కర్ర అంత మెత్తగానూ ఉండాలి. గట్టి కర్రకు గ్రాము ఒక లెక్కా? అంచేత "గట్టిది చూపించమను" అన్న నా మాట, ముక్కుపుడక తూచడానికి ధాన్యం కాటా అడిగినట్లయింది.

ఇంకొకటి. ఈ అజి ఎరను కొరకదు. నీళ్లతో సహా పీల్చి, నచ్చకపోతే మరుక్షణంలో ఊసేస్తుంది. "టక్" మన్న ఆ చిన్న కబురు దారం వెంట కర్రలోకి, కర్రలోంచి వేళ్లలోకి రావాలి. కర్ర బరువైతే కబురు దారిలోనే సగం ఆరిపోతుంది. పైగా అజి మూతి పల్చన. బిరుసు కర్రతో గుంజితే మూతి చిరిగి చేప జారిపోతుంది. మెత్తని కర్ర, చేప లాగిన కొద్దీ వంగి ఇస్తుంది.

నా పక్కన ఒక ముసలాయన నిలబడ్డాడు. నేను ఒక్కటి పట్టేలోపల ఆయన పదకొండు పట్టాడు. నేను లెక్కపెట్టాను. చివరికి ఆయనే నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద వేలుపెట్టి తల అడ్డంగా ఊపాడు. మణికట్టు మీద వేలుపెట్టి తల నిలువుగా ఊపాడు. అంతే పాఠం. ఆ తర్వాత గంటలో నాకూ నాలుగు పడ్డాయి. మర్నాడు మా ఆవిడ పెట్టెలో తెచ్చుకున్న చింతపండుతో పులుసు పెట్టింది. యోకొహామాలో ఆ అంతస్తు అంతా ఘుమఘుమలాడింది.

ఈ చిన్నచేపల సరదా జపానువారికి ఇవాళ్టిది కాదు. టోక్యోను "ఎదో" అని పిలిచే రోజుల్లోనే "తనాగో" అనే రెండంగుళాల చేపను పట్టడం ఒక వేడుక. అందులో పెద్దది పట్టినవాడు గొప్పవాడు కాదు. ఎంత చిన్నది పడితే అంత గొప్ప. సన్నని వెదురుముక్కలను ఒకదానిలో ఒకటి దూర్చి, చెట్టుపాల మెరుగు పూసి కర్రలు చేసే పనివాళ్లు అక్కడ పద్ధెనిమిదో శతాబ్దంలోనే ఉన్నారు. ఆ విద్య ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వాకాయామా జిల్లాలోని హషిమోతో ఊళ్లో ఇవాళ్టికీ వెదురుకర్రలు చేస్తున్నారు.

వెదురు తర్వాత వచ్చింది బొగ్గుపోగు. 1960 దరిదాపుల ఒసాకాలోని ప్రభుత్వ పరిశోధనశాలలో అకియో షిందో అనే శాస్త్రవేత్త, ఒకరకం కృత్రిమ నూలును కాల్చి గట్టి కార్బన్ పోగులుగా మార్చే ఉపాయం కనిపెట్టాడు. 1971లో టోరే కంపెనీ ఆ పోగులను అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టింది. అప్పట్లో ఎగబడి కొన్నది ఎవరనుకున్నారు? గాలపుకర్రలవాళ్లూ, గోల్ఫుకర్రలవాళ్లూ. ఇవాళ అదే కంపెనీ పోగులతో బోయింగ్ 787 విమానాల రెక్కలు చేస్తున్నారు. మేము జపాను వెళ్లినది ఆ రకం విమానంలోనే. పెద్ద గాలపుకర్రలో కూర్చుని వెళ్లామన్నమాట!

కర్రను చేసే పద్ధతి మన గోదావరివాళ్లకు చెప్పడం సులువు. ఆత్రేయపురం పూతరేకు చుట్టడం చూశారు కదూ? బంకలో తడిపిన పల్చని కార్బన్ రేకును, కొసకు సన్నబడే ఉక్కు కడ్డీమీద అలాగే పొరలు పొరలుగా చుట్టి, కొలిమిగదిలో కాల్చి, కడ్డీని బయటికి లాగేస్తారు. మిగిలేది బోలుగొట్టం. పొడుగునా వంచితే ఆశ్చర్యపడేటంత వంగుతుంది. పక్కనుంచి నొక్కినా, తలుపు సందున పడినా, రాయి తగిలినా పూతరేకులాగే చిట్లుతుంది. పైకి కనిపించని ఆ చిట్లు, మర్నాడు చేప పడినప్పుడు బయటపడుతుంది.

ఇక మా పాఠకుడి అసలు ప్రశ్న: ఎలాంటిది తెమ్మనాలి?

కర్రమీద కొన్ని అక్షరాలూ అంకెలూ ఉంటాయి. అవి కుదురుగా చదవడం వస్తే చాలు. ఉదాహరణకి, "ఎస్ 64 యూఎల్-ఎస్" అని ఉందనుకోండి. మొదటి "ఎస్" అంటే స్పిన్నింగ్, చక్రం కర్రకింద వేలాడే రకం. చక్రం పైన కూర్చునే రకానికి "బి" అనో "సి" అనో రాస్తారు. మొదటిసారి కొనేవాళ్లు దాని జోలికి పోకండి. 64 అంటే ఆరడుగుల నాలుగంగుళాలు. "యూఎల్" అంటే అల్ట్రాలైట్. చివరి "ఎస్" అంటే కొస బోలుగా కాక లోపల గట్టిగా, సన్నగా ఉంటుందని. అలాంటి కొస సుతారంగా వంగుతుంది, ఎర నోట పెట్టుకున్న చేపకు అనుమానం రానివ్వదు. బోలుకొస కొంచెం బిరుసు. చిన్న కబురునుకూడా చురుగ్గా చెప్తుంది. కంపెనీని బట్టి అక్షరాలు కొద్దిగా మారుతాయి గాని వరస ఇంచుమించు ఇదే.

అన్నిటికన్నా ముఖ్యం ఎర బరువు. 0.5 నుంచి 5 గ్రాములని రాసి ఉంటే, ఆరో గ్రాము మీది కాదు. కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉన్నా, కర్ర హాయిగా విసిరేది నడిమి బరువునే. ఆ తర్వాత దారం. నైలానుకు పౌన్లలో రాస్తారు. జపానువాళ్లు "గో" అని తమ లెక్క ఒకటి వేస్తారు. నైలానులో ఒకటో నంబరు దారం 0.165 మిల్లీమీటర్ల మందం, సుమారు నాలుగు పౌన్లు ఓరుస్తుంది. "పీఈ" అని అల్లిన దారం ఉంది. అది అంతకంటే సన్నగా ఉండి ఎక్కువ బరువు ఆగుతుంది గాని, రాయి ఒరిస్తే తెగుతుంది. దానికి కొసన ఒక బార ఫ్లోరోకార్బన్ దారం ముడివేసుకోవాలి.

కార్బన్ నూటికి ఇంత అని కూడా రాస్తారు. 98 అన్నది చూసి మురిసిపోనక్కర్లేదు. మిగతాది సాధారణంగా గాజుపోగు. గాజు కొంచెం బరువు, కాని మొండిది, మోటు చేతిని సహిస్తుంది. మా బోటివాళ్లకు కాస్త గాజు కలవడమే మేలు.

ఆఖరిది మడిచిన పొడుగు. ఆరడుగుల నాలుగంగుళాల కర్ర రెండు ముక్కలైతే ముక్క ఇంచుమించు మీటరు ఉంటుంది. విమానం పెట్టెలో పట్టదు. నాలుగైదు ముక్కలుగా విడిపోయేవి ఉన్నాయి. అవి పెట్టెలో బట్టల మధ్య పడుకుంటాయి. రెండు ముక్కలదే కావాలంటే, నీళ్ల గొట్టాలవాళ్లు అమ్మే ప్లాస్టిక్ పైపు కొని, రెండు చివరలా మూతలు పెట్టి అందులో తెమ్మనండి. గుడ్డసంచీని నమ్మవద్దు.

పేర్ల విషయం అడుగుతారేమో. షిమానో అని 1921లో సకాయ్ పట్టణంలో పుట్టి, సైకిలు భాగాలు చేసి, 1970లో చేపల సామానులోకి దిగిన కంపెనీ ఒకటి. డైవా అని మరొకటి. ఈ డైవావారు రాత్రిపూట రేవుల్లో వాడే తేలికకర్రలకు "గెక్కాబిజిన్" అని పేరుపెట్టారు. వెన్నెల్లో సుందరి అని అర్థమట. అది ఒక పువ్వు పేరు. ఏ పువ్వని అల్లుణ్ణి అడిగితే ఫోనులో బొమ్మ చూపించాడు. చూద్దునుగదా, మా పెరట్లో ఏడాదికోసారి అర్ధరాత్రి పూసి, మా ఆవిడ చుట్టుపక్కలవాళ్లందరినీ లేపి చూపించే బ్రహ్మకమలం! కర్రకు అలాంటి పేరు పెట్టిన జాతి మీద నాకు గౌరవం పెరిగింది. ఇంకా చిన్నా పెద్దా కంపెనీలు చాలా ఉన్నాయి. మొదటి కర్రకు కంపెనీ కంటే ఎర బరువు ముఖ్యం.

ఇక విరిగిన కథ.

దేశం వచ్చాక దసరా వెళ్లిన వారంలో ఒక తెల్లవారుజామున మా కాలువగట్టుకు వెళ్లాను. చిన్న మట్టగిడసలు రెండు పడ్డాయి. అరవై గ్రాముల కర్రమీద మట్టగిడస కూడా మొసలిలా తోస్తుంది. అదే ఇందులో ఆనందం. మూడోసారి ఎర పడీ పడగానే కర్ర సగానికి వంగింది. ముప్పావు కిలో ఉంటుంది, కొర్రమీను. చక్రానికి "డ్రాగ్" అని ఒక బ్రేకు ఉంటుంది. చేప మరీ గుంజితే దారాన్ని తెగనివ్వకుండా కొంచెం కొంచెంగా వదులుతుంది. అది "జిర్ర్"మని పాడుతూంటే పది నిమిషాలు నేను ఈ లోకంలో లేను. చేప అలిసి ఒడ్డుకు వచ్చింది. చేతివల నా పక్కనే ఉంది.

అరవై ఏళ్ల అలవాటు చేతిని ఎక్కడికి పోనిస్తుంది? ఒక్క ఊపులో ఎత్తాను.

"టప్" మంది. కొసనుంచి జానెడు ముక్క దారానికి వేలాడింది. కొర్రమీను ఒకసారి తోక ఆడించి, రబ్బరు పురుగుతో సహా దాని దారిన అది పోయింది.

కర్ర పడుకోబెట్టి ఉన్నప్పుడు చేప బరువును మొత్తం కర్ర పంచుకుంటుంది. నిటారుగా లేపి, చేపను కాళ్ల దగ్గరికి తెచ్చి ఎత్తితే, ఆ బరువంతా చీపురుపుల్లంత కొసమీద పడుతుంది. చేప పెద్దదవడం కాదు, కోణం విరుస్తుంది. ఎత్తవలసింది వలతో; లేదా దారం చేత్తో పట్టుకుని.

ఆ కర్రను ఎనిమిది రోజులు బీరువా వెనక దాచాను. దుమ్ము దులుపుతూ మా ఆవిడ పట్టుకుంది. "అమ్మాయికి చెప్పారా?" అంది. చెప్పలేదు. పిల్ల తన కష్టార్జితంతో ఇచ్చిన వస్తువును నాలుగు నెలలు నిలుపుకోలేని తండ్రి ఏ మొహంతో చెప్తాడు? ఆ ఆదివారం ఫోనులో చెప్పక తప్పలేదు. అమ్మాయి నవ్వి ఫోను అల్లుడి చేతికిచ్చింది. అతను వైద్యుడిలా, "ఎక్కడ విరిగింది? ఎంత పొడుగు? చేప ఎంత దూరంలో ఉంది?" అని అన్నీ అడిగి, "నేను ఇప్పటికి మూడు విరగ్గొట్టాను మామయ్యగారూ. మొదటిది మీ అమ్మాయికి ఇంకా తెలియదు," అన్నాడు గొంతు తగ్గించి. వెనకనుంచి "ఇప్పుడు తెలిసింది" అని మా అమ్మాయి గొంతు వినిపించింది. గ్యారంటీ కాగితం జపాను దాటితే చెల్లదట. కాని ఆ కొసముక్క ఒక్కటే విడిగా తెప్పించుకోవచ్చట. సంక్రాంతికి వస్తూ తెస్తానన్నాడు. ఆనాటినుంచి ప్రతి ఆదివారం అతనే ఫోను చేస్తున్నాడు. వానలగురించి మాట్లాడుకోవడం మానేశాం.

సంక్రాంతికి వచ్చారు. కొసముక్క అమిరింది. కనుమ మర్నాడు నేనూ, తొమ్మిదేళ్ల మా మనవడూ కాలువకు బయలుదేరాం. కర్ర ఇంటిదగ్గరే బిగించి, వాడి చేతికిచ్చాను. వాడు దాన్ని ఊరేగింపు జెండాలా నిటారుగా పట్టుకుని నా ముందు నడుస్తున్నాడు. గట్టు మలుపు దగ్గర హఠాత్తుగా ఆగి, కర్రను దించి పిడి దగ్గర చూసి, "తాతయ్యా, ఇక్కడ మెరుపు బొమ్మ కాగితం ఉండాలే, ఏదీ?" అన్నాడు.

ధర చీటీ అనుకుని నేనే దాన్ని గోటితో గీకి పారేశాను. జపానీ అక్షరాలు నాకేం తెలుసు?

"దానిమీద ఏం రాసుందిరా?" అన్నాను.

"కరెంటు తీగలు జాగ్రత్త అని. నాన్న కర్రలన్నిటిమీదా ఉంటుంది."

తలెత్తి చూశాను. నాలుగడుగుల ముందు, పొలాలకు వెళ్లే కరెంటు తీగ గట్టుకు అడ్డంగా ఉంది. స్తంభం ఒరిగి, తీగ జారి, రెండు బారల ఎత్తున వేలాడుతోంది. వాడి చెయ్యీ, ఆరడుగుల కర్రా కలిపి ఎంత ఎత్తో మీరే లెక్కవేసుకోండి. కార్బన్ కరెంటును పారిస్తుంది. పెద్ద తీగ అయితే ముట్టుకోనక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా చాలు.

నాకు కాళ్లు ఆడలేదు. అక్కడే గట్టుమీద కూలబడి, వాణ్ణి దగ్గరికి తీసుకున్నాను. వాడు, "ఏమైంది తాతయ్యా, చేపలకు వెళ్లమా?" అంటున్నాడు. కర్ర విప్పి, ముక్కలు కలిపి కట్టి, వేరే దారిన వెళ్లాం. ఆ రోజు వాడికి ఎన్ని పడ్డాయో నాకు గుర్తులేదు.

అంచేత నా జవాబు ఇది. తెమ్మనండి. పదివేల యెన్నుల లోపలే మంచి కర్రలు దొరుకుతాయి. యాభైవేలు దాటినవీ ఉన్నాయి, అవి అనుభవజ్ఞుల చేతికి. మీ కోనసీమ కాలువల్లో చిన్నచేపలకు, ఉప్పుటేళ్లలో పిల్ల పారలకు ఆరు, ఆరున్నర అడుగుల "యూఎల్" భేషుగ్గా ఉంటుంది. కొర్రమీనుకు, పండుగప్పకు దీన్ని ఎత్తవద్దు. వాటికి మోటుకర్ర వేరే ఉండాలి. నాలుగు పౌన్ల దారానికి బ్రేకును అరకిలో దగ్గర జారేటట్లు బిగించుకోండి. ఎలాగంటారా? కర్రకు తగిలించకుండా చక్రం ఒక్కటే చేత్తో పట్టుకుని, దారానికి అరకిలో పంచదార పొట్లం కట్టి వేలాడదీయండి. మెల్లిగా దిగితే సరి. ధబ్బున దిగితే మీ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ముక్కలు బిగించేటప్పుడు ఉంగరాలు పట్టుకుని తిప్పకండి. విసిరేముందు కొసకు దారం చుట్టుకుందేమో చూసుకోండి. విరిగేవాటిలో చాలా అక్కడే విరుగుతాయి. ఉప్పునీళ్లలో వాడితే మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు సంచీలో పెట్టండి. ఇంట్లో బిగించకండి, పంకా తిరుగుతూంటుంది. దారిలో బిగించకండి, తీగలుంటాయి. నీటి ఒడ్డున, తలెత్తి ఆకాశం చూసి, అప్పుడు బిగించండి. ఉరుము వినబడితే కర్ర కింద పడుకోబెట్టి ఇంటికి పొండి. వెదురుగెడ అయినా తడిస్తే ఇదే జాగ్రత్త.

ముఖ్యంగా, దానిమీద ఏ కాగితం అంటించి ఉన్నా, ఏం రాసుందో అడిగి తెలుసుకున్నాక గాని గీకి పారేయకండి. మీవాడు జపానులోనే ఉన్నాడు గనుక అడగడానికి పైసా ఖర్చు లేదు. అడిగిన మిషతో కాసేపు మాట్లాడుకున్నట్లూ ఉంటుంది.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. అంతా విని, "పంచదార పొట్లం సంగతి నాకిప్పుడే తెలిసింది," అని లేచి డబ్బాలు సవరించడానికి వెళ్లింది.